ఎన్ని ఇంచులు

పెంటత్త బత్తాయి తోటల ఇది నాలుగో బోరు.
మొదటి మూడింటికీ రేకు మూతలు,
మూతల మీద బండరాళ్లు.

తిరుచెంగోడు నుంచి వచ్చిన బండి
పొద్దుగూకంగ గుర్రంపోడు దారి మళ్లి
చెలక గట్టు తెంపుకొని లోపలికొచ్చింది.
కొబ్బరికాయ అరచేతిల నిలబడ్డ కాడ
సున్నంతో గీసిన గుండ్రం.
ఆ గుండ్రం నడుమ ఇనుప రాడు
గిర్రున తిరుగుతా దిగుతాంది.

దిగేది ఒకటి, లేచేది ఒకటి.
నల్లరాయి నలిగి తెల్లటి పిండై
తాడిచెట్టు ఎత్తున చిమ్ముతాంది.
ఎండిన బత్తాయి కొమ్మలు
లైటు వెలుతుర్ల పూసినట్టే ఉన్నయి, పొడితోని.

నేను దేవరకొండ కాలేజీల ఫిజిక్సు చెప్తా.
చెప్పిందంతా చాక్‌పీసు పొడే అనిపిస్తది కొన్నిసార్లు.
ఇయ్యాల నోరు ఊకోలేదు.

"గొల్లకావడి చూసినవా అత్తా?
ఆ మూడు చుక్కల కింద, ఉట్టి వేలాడే కాడ
మసకగ ఒక మరక.
అక్కడ గూడ బోరు నడుస్తాంది."

"ఎవరిది?" అన్నది అత్త.

ఎవరిదని చెప్పను.
చల్లటి మబ్బు. మన వానమబ్బు కాదు.
తన బరువుకు తనే కుంగి
కుంగినకొద్దీ గిరగిర తిరిగి
విసుర్రాయి చుట్టూ పిండి లెక్క
పళ్లెమై పరుచుకుంటది.
నడుమల ఒక పెద్ద పిల్ల,
సూర్యునికి పదింతలు, ఇరవయ్యింతలు.
సన్నచుక్కలు తినుడు అయినంక దీపం పెట్టుకుంటయి.
ఇది ఆకలి తీరకముందే మండుతది.
మండిన వెలుతురు
నోటికాడి ముద్దనే వెనక్కి నూకుతది.

మరి ఎట్ల పెరిగింది?
చదువుకున్నోళ్లు ఏండ్లకేండ్లు ఇదే అడిగిన్రు.
పళ్లెం అంచు నుంచి లోపలికి తింటాంది,
నెత్తి మీదికి, అరికాళ్ల కిందికి
రెండు దిక్కులా కక్కుతాంది.
నువ్వు వక్క కొరికేలోపల
మన చెలక నుంచి కాశీ దాటేటంత వడి.
కక్కకుంటే తినలేదు అత్తా.
తన తిరుగుడు వదిలించుకోనిది ఏదీ
నడుమకు చేరదు.

అత్తకు ఎంత ఎక్కిందో తెల్వదు.
తనకు ముందు ముగ్గురు పురిట్లనే పోతే
తనను చాటల పెట్టి పెంటకుప్ప మీద వదిలి
పక్కింటామెతో ఎత్తించి తెచ్చుకున్నరట.
రేషను కార్డుల గూడ పెంటమ్మే.

"ఆ పిల్లను చూసిన్రా ఎవరన్న?"
"లేదు. దుమ్ము అడ్డం.
చిమ్మేదాన్ని చూసి
లోపల ఉన్నదని తెలుసుకుంటరు."
అత్త తలూపింది.
బండి కాడ మురుగేశన్
దోసిట్ల పొడి పట్టి, వేళ్లతో నలిపి
లోపలి రాయి ఏందో చూస్తున్నడు.

నాలుగొందల అడుగులు. అయిదొందలు.
అడుగుకు ఇంత అని అత్త లోలోపల కూడుకుంటాంది,
పెదవులు కదులుతున్నయి.

"అక్కడ నీళ్లుంటయా?"

"ఉంటయి.
చిమ్మిన గాలి చుట్టూ మబ్బును గుద్దిన కాడ
నీటి ఆవిరి రేడియో లెక్క మోగుతది.
మన తోటంత గిన్నెను ఆకాశానికి వెల్లకిల పెట్టి
వింటరు."

"ఎన్ని ఇంచులు?"

నవ్వబోయి ఆగిన.
మనసుల లెక్క మొదలుపెట్టిన.
సముద్రాలు వచ్చినయి,
సముద్రాల మీద సముద్రాలు వచ్చినయి.
ఇంచుల్లోకి మాత్రం రాలేదు.

మురుగేశన్ వచ్చి
"అయిదొందల ఎనభై అమ్మా. పొడే. ఆపాలా?" అన్నడు.
ఆ మరక వెలుతురు బయల్దేరి పదమూడొందల ఏండ్లు.
అప్పుడు ఈ చెలక ఎవరిదో,
ఈ గుట్టల నడుమ ఎవరు ఏం తవ్విన్రో.
గొల్లకావడి పడమటికి వంగింది.
అత్త నెత్తి మీద, కనుబొమ్మల మీద
తెల్లటి రాయి.

కొంగు దులిపింది.
"ఇంకో రెండు రాడ్లు దించుమను."

బండి గర్జించింది.
ఈసారి లేచిన పొడి
చెంపకు కొంచెం చల్లగ తగిలింది.
తడో, మాఘమాసపు చలో,
ఇద్దరం పైకి అనలేదు.